మా పాకలో పాత ఇంజన్లు

పోయిన క్రిస్మసుకు మా ఇంటికి వచ్చిన చుట్టమొకాయన పశువుల పాకలోకి తొంగిచూశాడు. గేదెలు ఉండవలసిన చోట ఏడు ఆయిలింజన్లు వరుసగా నిలబడి ఉండటం చూసి, "వీటికి మేతేం పెడతారు బావగారూ?" అని నవ్వాడు. మేమూ నవ్వేశాం. ఆయన ఊరికి వెళ్లిపోయాక మాత్రం, ఈ ప్రశ్నకు ఎవరికైనా ఒక్కసారి సరైన జవాబు చెప్పాలి అనుకున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

మేమంటే భార్యాభర్తలం. ఒకరు పరిషత్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవారు, ఒకరు ఇల్లూ పొలమూ చూసుకున్నవారు. ఇంజను విప్పి బిగించేది ఒకరైతే, దాని ఖర్చు నోటుబుక్కులో రాసి నిట్టూర్చేది ఇంకొకరు. మాది ఏలూరుకు ఉత్తరాన, పెదవేగి మండలంలో ఒక చిన్న ఊరు. మెట్ట ప్రాంతం. ఇప్పుడు ఎటు చూసినా పామాయిలు తోటలే. 1995లో కేంద్ర ప్రభుత్వం వారు పామాయిలు పరిశోధన కేంద్రాన్ని కూడా పెదవేగిలోనే పెట్టారు. మా చిన్నతనంలో ఈ తోటలు లేవు. బావి ఉన్నవాడికి పంట, లేనివాడికి వాన, అంతే.

మాది మేనరికం. కనుక మాలో ఒకరికి నాన్న, ఒకరికి మామయ్య అయిన మనిషి ఒక్కరే. ఇద్దరం నాన్నగారనే అంటాం. ఆయన 1971లో తాడేపల్లిగూడెంలో పిండిమర నడిపే ఒకాయన దగ్గర పాత ఇంజను కొని, లారీ మీద వేయించుకొని వచ్చారు. దాని పక్కన ఇత్తడి రేకు మీద ఇంగ్లీషు అక్షరాలుండేవి. నాన్నగారికి ఇంగ్లీషు రాదు. మేమిద్దరం పిల్లలం, బడిలో కొత్తగా నేర్చుకున్న చదువును ప్రదర్శిస్తూ ఆ రేకును పైకి చదివి వినిపించేవాళ్లం. ఆర్. ఎ. లిస్టర్, డర్స్‌లీ, ఇంగ్లండు, దాని కింద ఒక నెంబరు. ఆయన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే తలూపేవారు.

ఆ ఇంజన్ల సంగతి తరువాత తెలుసుకున్నాం. ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ అనే జిల్లాలో డర్స్‌లీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి లిస్టరు కంపెనీ ఈ రకం ఇంజన్లను 1930 ప్రాంతం నుంచి 1987 వరకు తయారు చేసింది. ఒకే సిలిండరు, ఆరు గుర్రాల శక్తి, నిమిషానికి 650 చుట్లు. రెండు పక్కలా రెండు పెద్ద ఫ్లైవీళ్లు, ఒక్కొక్కటి బాగా బరువు. నాలుగు దెబ్బల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒకసారి మండుతుంది, అంటే సెకనుకు ఐదుసార్లకు కొంచెం పైన. అంత నిదానంగా తిరుగుతుంది గనుకనే తొందరగా అరగదు. గుజరాత్‌లోని రాజ్‌కోట్ వారు అదే నమూనాను చూసి వేలకు వేలు పోత పోసి దేశమంతా అమ్మారు. ఇటు కిర్లోస్కరు వారు 1946లో పూనాలో ఆయిలింజన్ల కంపెనీ పెట్టారు. వారి ఐదు గుర్రాల ఇంజను 1500 చుట్లు తిరుగుతుంది. చిన్నది, తేలిక, రైతు బండి మీద వేసుకొని పోవచ్చు. మా పాకలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. కిర్లోస్కరులో ఏ లోపమూ లేదు. అయినా దాని గొంతు మాకు నచ్చదు. అది మా పక్షపాతం, ఒప్పుకుంటాం.

నాన్నగారు ఇంజను స్టార్టు చేసే తీరు ఇప్పటికీ మా కళ్లముందుంది. ముందు పైపులో గాలి తీసేవారు. తరువాత వాల్వు లివరు ఎత్తి పెట్టి, హ్యాండిలు వేసి, మెల్లగా మొదలుపెట్టి నడుం వంచి తిప్పేవారు. చక్రాలకు వేగం అందిందని ఆయన చేతికి తెలిసేది. అప్పుడు ఎడమ చేత్తో లివరు వదిలేవారు. దబ్బుమని ఒక దెబ్బ, నల్లటి పొగ, ఆ వెంటనే ఆ శబ్దం. సాయంత్రం అది ఆగగానే అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది, ఆయన బయలుదేరారని లెక్క. మధ్యలో శబ్దం మారితే వంటింట్లోంచే, "ఇవాళ ఇంజను బాలేదర్రా" అనేది. ఆమె దానిని ముట్టుకున్నది ఎప్పుడూ లేదు.

ఇక నీళ్ల సంగతి. పంపు నీటిని లాగుతుందని అందరం అంటాం గాని, నిజానికి పైపులో గాలి పోతే బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ బరువు ఎంత నెట్టినా పది మీటర్లకు కొంచెం పైన మాత్రమే. పొలంలో అయితే ఏడు మీటర్లు దాటితే ఆయాసమే. మా మెట్టలో నీళ్లు ఏడాదికేడాది కిందికి పోయాయి. రైతులు గొయ్యి తవ్వి పంపును కిందికి దింపారు, బెల్టు పొడవు పెంచారు. మళ్లీ తవ్వారు, మళ్లీ దింపారు. కొన్నిచోట్ల ఇంజనునే గోతిలో దింపుకున్నారు. అది ప్రాణాంతకం, ఆ పొగ గోతిలోనే నిలబడిపోతుంది. చివరకు నీళ్లు ఏ గోతికీ అందని లోతుకు పోయాయి. బోరు వేసి అడుగునే మోటారు దించుకోవలసి వచ్చింది. 2004 మే నెలలో మన రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఇంజన్లను కరెంటు తరిమేసిందని చాలామంది అంటారు. మా ఎరుకలో అయితే అంతకుముందే నీళ్లు వాటిని వదిలేసి వెళ్లిపోయాయి.

మేమూ బోరు వేయించాం. మరుసటి ఏడు, అంటే 2005లో, పాత ఇనుము కొనే మనిషి ఊళ్లోకి వచ్చాడు. అమ్మాయి హాస్టలు ఫీజుకు కొంచెం డబ్బు తక్కువ పడింది. నాన్నగారు వేరే ఊరిలో పెళ్లికి వెళ్లి ఉన్నారు. కిలోల లెక్కన తూచి 3,400 రూపాయలిచ్చి ఇంజనును పట్టుకుపోయాడు. నోటుబుక్కులో ఆ పుట ఇప్పటికీ ఉంది. నాన్నగారు వచ్చాక చెప్పాం. "అమ్మేశారా?" అన్నారు, అంతే. కోప్పడితే బాగుండేది. ఆ తరువాత కూడా రోజూ సాయంత్రం వెళ్లి, ఖాళీ అయిన ఇంజను గట్టు మీద కూర్చునేవారు. బోరు తనంతట తానే నీళ్లు పోస్తుంటే చేయడానికి ఆయనకేమీ లేదు. 2009లో ఆయన వెళ్లిపోయారు. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి మా దగ్గర మిగిలిపోయింది. ఆ విషయంలో మాకు సమాధానం లేదు.

ఆ మరుసటి సంవత్సరం ఏలూరులో ఒక పాత ఇనుము దుకాణం ముందునుంచి పోతుంటే, అలాంటి ఇంజనే ఒకటి సుత్తి దెబ్బకు సిద్ధంగా పడి ఉంది. రాజ్‌కోట్ సరుకు, పిస్టను బిగుసుకుపోయింది. ఎందుకు కొన్నామో అప్పుడు ఒకరినొకరం అడగలేదు. ఆటోలో ఇంటికి చేరేవరకూ ఇద్దరమూ మాట్లాడుకోలేదు. అదే మొదటిది.

దాన్ని బాగుచేయడానికి ఏలూరులోనే ఒక పెద్ద మేస్త్రీగారు దొరికారు. అప్పటికే డెబ్బై దాటినాయన. మేము సుత్తి అందుకోబోతే చెయ్యి పట్టుకొని ఆపారు. "ఏవండీ, అది ముప్పయ్యేళ్లు తిరిగింది. నెల్లాళ్లు ఊరుకుంటే మీకు పోయేదేముంది?" సిలిండరులో కిరసనాయిలు, ఇంజను ఆయిలు కలిపి పోయించి, రోజూ పొద్దున ఒకసారి చక్రాన్ని చేత్తో అటూ ఇటూ ఊపమన్నారు. పదిహేడో రోజున వెంట్రుకవాసి కదిలింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండుకున్నాం.

మేస్త్రీగారు మాకు నేర్పింది ముఖ్యంగా వినడం. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించమనేవారు. డీజిలు చిమ్మే సమయం ముందుకు జరిగితే శబ్దం గట్టిగా, ఇనుము మీద ఇనుము కొట్టినట్టు వస్తుంది. వెనక్కి జరిగితే మెత్తబడి, బలం తగ్గి, పొగ పెరుగుతుంది. పిస్టను పైకి చేరడానికి ఇంచుమించు 20 డిగ్రీల ముందు చిమ్మాలి. చక్రం మీద సుద్దతో గీత గీసి, పంపు పైన పైపు విప్పి, డీజిలు ఎక్కడ ఉబ్బుతుందో చూసి సరిచేస్తాం. పొగ కూడా మాట్లాడుతుందనేవారు. నల్లపొగ అయితే బరువు ఎక్కువైందనో, నాజిలు కారుతోందనో అర్థం. నీలిపొగ అయితే రింగులు పోయి ఇంజను ఆయిలు మండుతోంది. తెల్లపొగ అయితే డీజిలు సరిగా మండకుండానే బయటికి పోతోంది.

ఆయన చెప్పిన మరో సంగతి మాకు ఆశ్చర్యం కలిగించింది. ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని మేమనుకునేవాళ్లం. కాదట. బావినీళ్లు ధారగా పెట్టి మరీ చల్లారిస్తే లోపల చెమటపట్టి, మసి పేరుకొని, లైనరు తొందరగా అరిగిపోతుందట. బయటికి వచ్చే నీళ్లు చెయ్యి పెడితే ఓర్చుకోలేనంత కాకున్నా, బాగా వేడిగా ఉండాలన్నారు. నాన్నగారు నీళ్ల గొట్టానికి గుడ్డ కుక్కి ధార తగ్గించేవారు. అది పిసినారితనమేమో అనుకునేవాళ్లం.

తొందరపాటుకు కూడా ఫలం అనుభవించాం. రెండో ఇంజనును స్టార్టు చేస్తూ, చక్రాలకు వేగం అందకముందే లివరు వదిలేశాం. ఇంజను వెనక్కి తన్నింది. హ్యాండిలు తిరిగివచ్చి మాలో ఒకరి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మేస్త్రీగారు పరామర్శకు వచ్చి, కట్టు చూసి, "బొటనవేలు చుట్టూ వేసి పట్టుకున్నారు కదూ?" అన్నారు. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి. తంతే చెయ్యి జారిపోతుంది గాని విరగదు. ఇంట్లో పాత ఇంజను ఉన్న పాఠకులు ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకోండి.

ఇంకో తెలివితక్కువ పని కూడా చెప్పేస్తాం. 1900లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారని ఎక్కడో చదివాం. చుట్టూ ఇన్ని పామాయిలు తోటలు పెట్టుకొని డీజిలు కొనడమేమిటి అనిపించింది. డబ్బా నూనె పోశాం. మధ్యాహ్నం చక్కగా నడిచింది, పాకంతా గారెలు వేయించిన వాసన. మర్నాడు సంక్రాంతి చలి. పొద్దున చూస్తే నూనె నెయ్యిలా గడ్డకట్టి, పైపూ ఫిల్టరూ మూసుకుపోయాయి. శుభ్రం చేయడానికి రెండు రోజులు పట్టింది. నోటుబుక్కులో ఆ ఖర్చు ఎదురుగా ఒకరు ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టారు.

అలా ఒక్కొక్కటే చేరాయి. ఒకటి కొల్లేటి వైపు చేపల చెరువుల మీద పనిచేసినది. 2006లో సరస్సులోని చెరువుల గట్లు కొట్టేశాక పనిలేక పడి ఉంటే తెచ్చాం. ఐదోది 2013లో తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెలో, కొబ్బరి మట్టల కింద దొరికింది. దాని పక్కన ఇత్తడి రేకు ఉంది. డర్స్‌లీ అని చదవగానే ఇద్దరమూ నేల మీద కూలబడ్డాం. నాన్నగారి ఇంజనేనా? రేకు మీద నెంబరు స్పష్టంగా ఉంది. కాని చిన్నప్పుడు ఎన్ని వందలసార్లు పైకి చదివామో ఆ నెంబరును, ఒక్కసారీ ఎక్కడా రాసి పెట్టుకోలేదు. ఇద్దరం కూర్చొని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాం. ఒకరికి ఒక అంకె, ఇంకొకరికి ఇంకో అంకె. ఇనుము కొట్లో ముక్కలు కావలసినది మళ్లీ పొలం చేరడం కష్టమే. అయినా దాన్ని మిగతావాటికంటే ఎక్కువగా చూసుకున్నాం. తుడిచేది, నెలకోసారి గంటసేపు నడిపేది అదే ముందు. పనికి మాత్రం ఎన్నడూ పెట్టలేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి కైకలూరు వైపు కౌలుకు చేసే మా మేనల్లుడు ఫోను చేశాడు. రెండెకరాల వరి కోసి పనల మీద ఉంది. చేలో మోకాలి దిగువ దాకా నీళ్లు. కరెంటు లేదు. అద్దె ఇంజన్లన్నీ ఎవరి పొలాల్లో వారివి. "మామయ్యా, మీ దగ్గర ఏదైనా నడిచేది ఉందా?" అన్నాడు.

ఏడింటిలో ఆ రోజు పంపుతో సహా సిద్ధంగా, నమ్మకంగా నడిచేది ఒక్కటే. అదే ఐదోది. ఇద్దరం పాకలో లాంతరు పెట్టుకొని గంటసేపు వాదించుకున్నాం. ఎవరు ఏ పక్షమో చెప్పుకోవడం సిగ్గుచేటు, మధ్యలో పక్షాలు మారాయి కూడా. బురదలో దింపితే ఏమవుతుందో తెలియదు, దానికి సామాను దొరకదు. ఇంకోవైపు ఆ కుర్రాడు ఎకరాకు ఎంత అప్పు తెచ్చాడో మాకు తెలుసు. తెల్లవారుజామున ట్రాక్టరు పిలిచాం.

చేను గట్టు మీద తాటి మొద్దులు పరిచి ఇంజనును బిగించాం. పంపు గాలి పీలుస్తుంటే అతుకులకు పేడ మెత్తాం. బక్కెట్లతో నీళ్లు పోసి పంపు నింపి, లివరు వదిలాం. మొదటి తిప్పుకే అందుకుంది. మురుగు కాలువలోకి నీళ్లు పడటం మొదలైంది. ఆ శబ్దం విని పక్క చేలనుంచి పెద్దవాళ్లు కొందరు బురదలో నడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఒక ముసలాయన ఏమీ అడగకుండా, నీళ్ల గొట్టం ముట్టి చూసి, "ధార కొంచెం తగ్గించండి" అన్నాడు. మా ఇద్దరికీ ఒకేసారి గొంతు పూడుకుపోయింది.

ఒక రాత్రి, ఒక పగలు ఆపకుండా నడిచింది. రెండో రాత్రి రెండు గంటలప్పుడు శబ్దం మారింది. స్క్రూడ్రైవరు ఆనించి విన్నాం. అడుగున, కనెక్టింగు రాడ్డు దగ్గర, ప్రతి దెబ్బకూ బరువైన టక్కు. బేరింగు పోతోంది. ఆపేస్తే ఇంజను దక్కుతుంది. నీళ్లు ఇంకా జానెడు ఉన్నాయి. మేనల్లుడు కూడా విన్నాడు. "ఆపేద్దాం మామయ్యా, మీ ఇంజను పాడైపోద్ది" అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వేగం తగ్గించి, ఆయిలు నింపి, అలాగే వదిలేశాం. తెల్లవారి ఏడు గంటలకు పనలు పైకి తేలాక, డీజిలు కట్టేశాం.

అరెకరం లోపు వరి మొలకలెత్తిపోయింది. మిగిలినది గట్టుకు చేరింది గాని, రంగు మారిందని కొన్నవారు ధర కోశారు. కౌలు పోగా అప్పులో సగం తీరింది. ఆ కుర్రాడు ఈ ఏడూ వ్యవసాయం చేస్తున్నాడు.

ఇంటికి తెచ్చి విప్పితే బేరింగులోని తెల్లలోహం చీలికలై ఊడి వచ్చింది. రాజ్‌కోట్ నుంచి కొత్తది తెప్పించాం, సరిపోలేదు. ఎవరో ఎప్పుడో క్రాంకును లేతు మీద కోత కోయించి సన్నం చేశారు. అందుకు తగినట్టు లోహాన్ని కరిగించి పోత పోయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీగారు 2021లో కాలం చేశారు. నాన్నగారు కూడా 1980 ప్రాంతంలో ఒకసారి క్రాంకును బస్సు టాపు మీద వేసుకొని విజయవాడ తీసుకువెళ్లిన గుర్తు ఉంది. అలా కోత కోయించిన ఇంజన్లు జిల్లాలో ఎన్ని ఉండి ఉంటాయో.

విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ ఆ పోత పోసే పెద్దాయన ఒకరున్నారని నిన్న తెలిసింది. కనెక్టింగు రాడ్డును గోనెసంచిలో చుట్టి గుమ్మం పక్కన పెట్టాం. సోమవారం మొదటి బస్సుకు వెళ్లాలి.